భాష ఎలా అర్థమవుతుంది, ఎలా వస్తుంది? ప్రయోగాల గురించి తిరుపతి, చిత్తూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల తల్లిదండ్రులు, బడి టీచర్లు, డిగ్రీ, పీజీ విద్యార్థులు, ఊరికే తెలుసుకుందామని వచ్చేవాళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. భాష మీద ప్రయోగాలు చేస్తామంటే మొదట అందరూ కాస్త అనుమానంగానే చూస్తారు. జవాబులు కొన్ని పొడుగయ్యాయి, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోయాయి.

భాష మీద ప్రయోగమేంటి? వ్యాకరణం పుస్తకాల్లో ఉంది కదా?

వ్యాకరణ పుస్తకం భాష ఎలా ఉందో చెబుతుంది. మాట చెవిన పడిన క్షణంలో మనిషి బుర్రలో ఏం జరుగుతుందో చెప్పదు. ఈ వాక్యం చదువుతుంటే మీ చూపు ఒక్కో చోట పావు సెకనుకు అటూ ఇటూగా ఆగుతోంది, చటుక్కున ముందుకు దూకుతోంది, మధ్యమధ్యలో వెనక్కి కూడా వెళ్ళి వస్తోంది. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్ళారు అని అడిగితే మీరు చెప్పలేరు. ఎవరూ చెప్పలేరు. అర్థం చేసుకోవడమనే పని మనం గమనించుకునేలోపే అయిపోతుంది. ప్రయోగం పట్టుకోవాలని చూసేది ఆ తెలియకుండా జరిగిపోయే భాగాన్నే.

పద్ధతి మాత్రం ఏ సైన్సులోనైనా ఉండేదే. ఒక్కటి మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, ఏం తేడా వచ్చిందో కొలుస్తాం. వాక్యంలో ఒక మాట మారుస్తాం. చదవడానికి పట్టిన టైమో, చూపు పోయిన చోటో, నొక్కిన బటనో, తల మీద నుంచి అందే సన్నటి విద్యుత్ సంకేతమో మారిందా అని చూస్తాం.

ఇంత తతంగం ఎందుకు? మనుషుల్ని నేరుగా అడిగేస్తే పోదా?

అడుగుతాం కూడా. కాకపోతే జవాబును పూర్తిగా నమ్మం. "నేను మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్ అస్సలు మిక్స్ చెయ్యనండి, ప్యూర్ తెలుగే" అనేవాళ్ళు మీకూ తగిలే ఉంటారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు. మనం ఏం మాట్లాడతామో మనకే సరిగ్గా తెలియనప్పుడు, ఎలా అర్థం చేసుకుంటామో ఏం తెలుస్తుంది?

మాటలు రాని పసిబిడ్డతో ప్రయోగం ఎలా చేస్తారు?

అందరికీ ఇదే పెద్ద ఆశ్చర్యం. బిడ్డకు మాటలు రాకపోయినా విసుగు వస్తుంది, కొత్తది వినబడితే ఆసక్తి వస్తుంది. పట్టుకోవాల్సింది ఆ రెంటినే.

1971లో పీటర్ ఐమస్ బృందం నెల, నాలుగు నెలల పిల్లల నోట్లో ఒక పాలపీక పెట్టి, దాన్ని యంత్రానికి కలిపింది. బిడ్డ గట్టిగా చప్పరిస్తే "బ" అనే శబ్దం వినిపిస్తుంది. కాసేపు ఉత్సాహంగా చప్పరిస్తారు, తర్వాత విసుగొచ్చి నెమ్మదిస్తారు. అప్పుడు శబ్దాన్ని "ప"గా మారిస్తే మళ్ళీ చప్పరించడం ఊపందుకుంది. అంటే తేడా తెలిసింది. అదే "బ"లోనే అంతే కొలత తేడా ఉన్న మరో రకం వినిపిస్తే అంతగా పట్టించుకోలేదు. నెల పిల్లలు!

మన చెవికి బాగా అందేది జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పని. "పాత", "పాట" వేరువేరని మనం ఆలోచించకుండానే వింటాం. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్ళకు ఆ త, ట ఒకేలా వినిపిస్తాయి. వెర్కర్, టీస్ ఇలాంటి హిందీ శబ్దాల్నే తీసుకుని కెనడాలో ఇంగ్లిష్ ఇళ్ళలో పెరిగే పిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడాను చక్కగా పట్టేశారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి పట్టేవాళ్ళు బాగా తగ్గిపోయారు. హిందీ వింటూ పెరిగే అదే వయసు పిల్లలకు మాత్రం ఆ శక్తి అలాగే ఉంది. ఏడాది నిండకముందే బిడ్డ చెవి తన ఇంటి భాషకు తగ్గట్టు సర్దుకుంటోందన్న మాట.

ఇంకో చిక్కుంది. మనం మాటకూ మాటకూ మధ్య ఆగం. మరి ఒక మాట ఎక్కడ అయిపోయిందో బిడ్డకు ఎలా తెలుస్తుంది? 1996లో జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ మూడేసి అక్షరాల అర్థం లేని మాటలు నాలుగు తయారు చేసి, ఎక్కడా ఆగకుండా ఎనిమిది నెలల పిల్లలకు రెండే రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం వెంట ఏ అక్షరం తప్పకుండా వస్తోంది, ఏది అప్పుడప్పుడూ వస్తోంది అన్న లెక్క ఒక్కటే అందులో ఆధారం. ఆ తర్వాత అసలు మాటలు వినిపించినప్పుడూ, ఒక మాట చివర, ఇంకో మాట మొదలు అతికి ఏర్పడినవి వినిపించినప్పుడూ పిల్లలు వినే సేపులో తేడా వచ్చింది.

ఇలాంటి ప్రయోగాల్లో తల్లి ఒళ్ళోనే బిడ్డ ఉంటాడు. తల్లికి మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపిస్తారు. ఎందుకని చాలామంది తల్లులు అడుగుతారు, కొందరు కాస్త నొచ్చుకుంటారు కూడా. కారణం ఒక గుర్రం. బెర్లిన్‌లో క్లెవర్ హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని జనం విరగబడి చూశారు. 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ పరీక్షించి చూస్తే, గుర్రానికి లెక్కలేమీ రావు. సరైన సంఖ్య దగ్గరికి రాగానే ఎదుటి మనిషి ఒంట్లో వచ్చే చిన్న కదలికను పట్టుకుని డెక్క కొట్టడం ఆపేస్తోంది. ఆ మనిషికి కూడా తాను కదిలినట్టు తెలియదు. మీ ఒళ్ళో ఉన్న బిడ్డకు మీ కదలికలు ఆ గుర్రం కంటే బాగా తెలుసు.

పిల్లలు విన్నది విన్నట్టు అంటారు, అంతేగా?

కాదు. 1958లో జీన్ బెర్కో ఒక పిట్టలాంటి బొమ్మ గీసి, ఎవరూ ఎప్పుడూ వినని పేరు పెట్టి, రెండు బొమ్మలు చూపించి "ఇప్పుడు రెండు…" అని ఆపేసింది. పిల్లలు బహువచనం కట్టేశారు. వినని మాటకు బహువచనం కట్టారంటే లోపల సూత్రం తయారైనట్టే.

తెలుగులో దీన్ని చేసి చూడటం ఇంకా రుచిగా ఉంటుంది, ఎందుకంటే మన బహువచనం అంత సాదాసీదాది కాదు. నక్క నక్కలు అయితే, గుర్రం గుర్రాలవుతుంది, చెట్టు చెట్లవుతుంది, ఇల్లు ఇళ్ళవుతుంది. ఒక వింత జంతువు బొమ్మ చూపించి "ఇది లూగం. ఇంకోటి వచ్చింది. ఇప్పుడు రెండు…" అనండి. "లూగాలు" అన్న పిల్లవాడికి గుర్రం దారి తెలుసు. "లూగంలు" అన్నవాడు ఇంకా దారి మధ్యలో ఉన్నాడు. ఇప్పుడు "మిండు" అనే పండు బొమ్మ చూపించండి. మిళ్ళా, మిండ్లా, మిండులా? మన వైపు ఇళ్ళలో "పండ్లు" అంటారు, పాఠాల్లో "పళ్ళు" కనబడుతుంది. కాబట్టి ఏ జవాబొచ్చినా తప్పని కొట్టేయకూడదు. పిల్లవాడు ఏ మాట పోలికతో కట్టాడో రాసుకోవాలి. మార్కులు వేసే అలవాటున్న టీచర్లకు ఇది కొంచెం కష్టంగానే ఉంటుంది.

మన పక్కింటి భాష మీద జరిగిన ఒక పని కూడా చెప్పాలి. కన్నడలో, మన "చేయు, చేయించు" లాగే, ఎవరో ఏదో జరిగేలా చేశారని చెప్పడానికి క్రియకు ఒక ముక్క తగిలిస్తారు. పిల్లలు కొత్త క్రియ అర్థాన్ని ఆ ముక్కను బట్టి తెలుసుకుంటారా, లేక వాక్యంలో ఎంతమంది పాత్రలున్నారో లెక్కపెట్టుకుంటారా? జెఫ్రీ లిడ్జ్, గ్లైట్‌మన్ దంపతులు 2003లో ప్రచురించిన ప్రయోగంలో మూడేళ్ళ కన్నడ పిల్లలు ఆ ముక్కను పెద్దగా పట్టించుకోలేదు, పాత్రల లెక్కనే నమ్ముకున్నారు. అంత తేటగా కనబడే గుర్తును పిల్లలు వదిలేశారంటే, చెవిన పడిందల్లా వాళ్ళకు ఒకే లెక్క కాదన్న మాట. ఇదే తెలుగు పిల్లలతో చేస్తే ఏమొస్తుందన్నది పీజీ విద్యార్థికి చక్కటి ప్రాజెక్టు.

ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. పిల్లవాడు కన్‌ఫ్యూజ్ అవ్వడా?

నగరి, సత్యవేడు, కుప్పం వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న. టెన్షన్ పడకండి. కెనడాలో 2010లో ప్రచురించిన పనిలో క్రిస్టా బయర్స్-హైన్లైన్ బృందం, గర్భంలో ఉండగా రెండు భాషలు విన్న పురిటి పిల్లల్ని పరీక్షించింది. ఆ రెండు భాషలూ వేరని అప్పుడే పుట్టిన పిల్లలకు తెలిసిపోతోంది.

నాలుగు మాటల్లో రెండు తమిళం కలిపితే అది గందరగోళం కాదు, చుట్టూ ఉన్న పెద్దలు మాట్లాడేదే అలా. ఇంకో తప్పు ఎక్కడ జరుగుతుందంటే లెక్కలో. తెలుగు మాటలు మాత్రమే లెక్కపెట్టి "వీడికి మాటలు తక్కువ" అంటారు. రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి.

రెండు భాషలొస్తే తెలివి పెరుగుతుందని కూడా ప్రచారం ఉంది. ఆ విషయంలో పరిశోధకుల మధ్య ఇప్పటికీ గట్టి వాదనే నడుస్తోంది. రెండు భాషల వల్ల నష్టం లేదని చెప్పడానికి నాకు భయం లేదు. బుర్ర చురుకవుతుందని హామీ మాత్రం ఇవ్వలేను.

మరి తిరుపతి అంగళ్ళవాళ్ళు నాలుగు భాషలు టకటకా మార్చేస్తారే, వాళ్ళకు ఏ శ్రమా ఉండదా?

ఉంటుంది, కానీ సెకనులో చిన్న వంతు. 1999లో రెనాటా మ్యూటర్, అలన్ ఆల్‌పోర్ట్ రెండు భాషలు వచ్చినవాళ్ళకు తెర మీద అంకెలు చూపించి, వెనక రంగును బట్టి ఈ భాషలోనో ఆ భాషలోనో చదవమన్నారు. భాష మారిన ప్రతిసారీ కాస్త ఆలస్యం. తమాషా ఏంటంటే, బాగా వచ్చిన భాషలోకి తిరిగి రావడానికే ఎక్కువ టైం పట్టింది. అంతగా రాని భాష మాట్లాడేటప్పుడు బాగా వచ్చిన భాషను గట్టిగా అణిచిపెట్టాలి, దాన్ని మళ్ళీ లేపడానికి ఆ ఆలస్యమని వాళ్ళ వివరణ. గాంధీరోడ్డులో రోజంతా యాత్రికులతో తెలుగు, తమిళం, కన్నడ, హిందీ మార్చి మార్చి మాట్లాడేవాళ్ళలో ఈ తేడా ఎంత ఉంటుందో కొలవడానికి తిరుపతి కంటే మంచి చోటు వెతుక్కోనక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, మైకు, బేరం లేని మధ్యాహ్నం పూట ఉంటే చాలు.

ఫోన్‌లో రైమ్స్ చూపిస్తే ఇంగ్లిష్ తొందరగా వస్తుందా?

పసివాళ్ళకు దాని మీద ఆశ పెట్టుకోకండి. 2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు పన్నెండు విడతలుగా చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించి చదివి వినిపిస్తే, ఆ భాషలోని కష్టమైన శబ్దాల తేడా పట్టుకున్నారు. అదే మనిషి, అదే పుస్తకం వీడియోలో అయితే ఏమీ పట్టలేదు. వీడియో కాల్ సంగతి వేరు. రెండేళ్ళ పిల్లలు వీడియో కాల్‌లో, అవతలి మనిషి వాళ్ళకు జవాబిస్తూ మాట్లాడితే కొత్త క్రియలు నేర్చుకున్నారని 2014లో తేలింది. దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉన్న నాన్న కాల్‌ను రైమ్స్ వీడియోతో సమానం చెయ్యొద్దు.

పెద్దవాళ్ళతో ఏం ప్రయోగాలు చేస్తారు?

చాలా రకాలున్నాయి. సులువైంది ఒకటి: తెర మీద అక్షరాల వరస వస్తుంది, అది మాటైతే ఒక బటన్, కాకపోతే ఇంకో బటన్. "గుమ్మడి" మాట, "గుమ్మిడ" కాదు. 1971లో మేయర్, ష్వానెవెల్ట్ ఇలాగే రెండేసి వరసలు కలిపి చూపించి, "నర్సు"తో పాటు "డాక్టర్" ఉంటే, "బ్రెడ్"తో పాటు ఉన్నప్పటి కంటే జనం తొందరగా గుర్తుపడతారని కనుక్కున్నారు. సంబంధం ఉన్న మాటలు బుర్రలో ఒకదాన్నొకటి లేపుతాయి.

మెదడు విద్యుత్ సంకేతాన్ని కొలిచే ఈఈజీ అయితే తల మీద టోపీలాంటిది పెట్టి చూస్తారు. "అమ్మ వేడి దోసె మీద నెయ్యి వేసింది" అంటే మామూలే. "అమ్మ వేడి దోసె మీద మేకులు వేసింది" అంటే? ఆ మాట వచ్చిన సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడు సంకేతంలో ఒక వంపు కనబడుతుంది. మార్టా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ 1980లో కనిపెట్టిన దీన్ని ఎన్400 అంటారు. వాళ్ళ వాక్యంలో బ్రెడ్డు మీద సాక్సులు పూశారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మాత్రం ఒక్కో మాటా చూపించి చదివించే పద్ధతి. బటన్ నొక్కితే ఒక మాట వస్తుంది, మళ్ళీ నొక్కితే అది పోయి తర్వాతిది వస్తుంది. ఒక్కో మాట దగ్గర ఎంతసేపు ఆగారో కంప్యూటర్ రాసుకుంటుంది. ఇలా చదువుతున్నారనుకోండి: "రవి", "పుస్తకం", "కొన్న"… ఇక్కడిదాకా పుస్తకం కొన్నది రవే అని మీ మనసు తీర్మానించేసుకుంటుంది. తర్వాత "అంగడి" వస్తే ఏ ఇబ్బందీ లేదు, రవి పుస్తకం కొన్న అంగడి మూసేశారు. అలా కాకుండా "అమ్మాయిని", "పిలిచాడు" అని వస్తే? రవి, పుస్తకం కొన్న అమ్మాయిని పిలిచాడు. పుస్తకం కొన్నది రవి కాదు. కట్టుకున్నది విప్పి మళ్ళీ కట్టుకోవాలి. చదివేవాళ్ళు తడబడితే ఆ రెండు మాటల దగ్గరే టైం పెరగాలి. జపనీస్ కూడా మనలాగే క్రియ చివర వచ్చే భాష, అందులో ఇలాంటి వాక్యాల మీద చాలా పని జరిగింది.

క్రియ చివర్లో వస్తుందంటే అప్పటిదాకా మనం ఊరికే కూర్చుంటామని కాదు. "పిల్లాడు తింటాడు" అని ఇంగ్లిష్ వరసలో వింటుండగానే, ఏం తింటాడో చెప్పకముందే చూపు బొమ్మలోని కేకు మీదికి పోతుందని 1999లో ఆల్ట్‌మన్, కమిదె చూపించారు. ఇంగ్లిష్‌లో క్రియ ముందొస్తుంది కాబట్టి సరే. మరి మనకో? 2003లో కమిదె బృందం జపనీస్‌తో చేసి, కి, ను లాంటి విభక్తుల ఆధారంతోనే వినేవాళ్ళు రాబోయేదాన్ని ఊహించేస్తారని తేల్చింది. తెలుగులో ఇది చేసి తీరాల్సిన ప్రయోగం.

ఇంగ్లిష్‌లో చేసిన ప్రయోగాన్ని తెలుగులోకి దించేస్తే అయిపోదా?

అవదు. మా దగ్గరికి వచ్చే ప్రాజెక్టులు సగం ఇక్కడే చెడతాయి.

ముందు పొడవు సంగతి చూడండి. పోల్చే రెండు మాటలూ ఒకే పొడవుండాలి, లేకపోతే పొడుగు మాటకు ఎక్కువ టైం పట్టిందో, కష్టమైన మాటకు పట్టిందో తెలియదు. ఇంగ్లిష్‌లో అక్షరాలు లెక్కపెడితే సరిపోతుంది. మన "స్త్రీ" ఎన్ని? చదివేవాడికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌లో ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఎక్సెల్‌లో పొడవు లెక్కపెట్టే ఫార్ములా వేసి "ఆరక్షరాల మాట" అని పట్టికలో రాసుకొచ్చేవాళ్ళుంటారు. అక్షరాల లెక్క వేరుగా, తెర మీద వెడల్పు వేరుగా, వత్తుల లెక్క వేరుగా రాసుకోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోయి వికారంగా కనబడతాయి. అప్పుడు మాటను బొమ్మగా సేవ్ చేసి చూపించడమే మేలు.

తర్వాత, మాట ఎక్కడ తెగుతుంది? "వచ్చేస్తానన్నాడు" అన్నది రాతలో ఒక్కటే మాట. ఒక్క బటన్ నొక్కుకు అంత అర్థం మీద పడితే, అది ఇంగ్లిష్‌లో ఒక మాటతో ఎలా సమానమవుతుంది?

ఇక యాస. "ఆనపకాయ" అని రాస్తే మన వైపు పిల్లలు ఆగుతారు. వాళ్ళకు అది సొరకాయ. "కొట్టు" అంటే అర్థమవుతుంది, కానీ నోటికి వచ్చేది "అంగడి". బొమ్మ చూపించి పేరు చెప్పమన్నా అంతే. కోస్తా వైపు తయారైన పదాల పట్టికను తెచ్చి పలమనేరు పిల్లల మీద వాడి, "గ్రామీణ పిల్లల పద పరిజ్ఞానం తక్కువ" అని రాసేస్తే అది పరిశోధన కాదు, అన్యాయం. ఏ పట్టికైనా సరే, ప్రయోగంలో పాల్గొనని స్థానికులకు ముందు చూపించి, ప్రతి మాటా ఎంత పరిచయమో ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేయించండి. విసుగు పని. తప్పదు.

గొంతు కూడా అంతే. వార్తలు చదివినట్టు రికార్డు చేస్తే ఒకటో తరగతి పిల్లలు నవ్వుతారు, వినరు.

బడిలో చేయవచ్చా?

చేయవచ్చు, గది దొరికితే. ఊళ్ళో మైకు పెట్టని రోజు చూసుకోండి. ఇంకో మాట: మధ్యాహ్న భోజనం వాసన తగలడం మొదలయ్యాక రెండో తరగతి పిల్లల రియాక్షన్ టైమ్‌లను, అంటే బటన్ నొక్కడానికి పట్టే టైంను, నమ్మకండి.

చదువు రానివాళ్ళు పాల్గొనవచ్చా?

తప్పకుండా. నిజానికి వాళ్ళు లేకపోవడమే ఈ రంగంలో పెద్ద లోటు, ఎక్కువ ప్రయోగాలు కాలేజీ పిల్లల మీదే జరిగాయి. 2012లో రమేశ్ మిశ్రా బృందం హిందీ మాట్లాడేవాళ్ళతో చేసిన ప్రయోగంలో, బాగా చదువుకున్నవాళ్ళు వాక్యం వింటూ రాబోయే వస్తువు మీదికి ముందుగానే చూపు మళ్ళించారు. చదువు తక్కువవాళ్ళు ఆ వస్తువు పేరు వినిపించాకే చూశారు. చదవడం నేర్చుకోవడం మనం వినే తీరును కూడా మారుస్తోందేమో అన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది.

మన తెలుగు ప్రాంతంలోనే జరిగిన ఒక పెద్ద పనీ ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు వ్యాధి రోగుల వివరాలు చూసి, రెండు భాషలు వచ్చినవాళ్ళలో ఆ వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. బడికి వెళ్ళనివాళ్ళలో కూడా తేడా కనబడింది. కాకపోతే ఇది ప్రయోగం కాదు, రోగుల వివరాల పరిశీలన. ఎవరికి రెండు భాషలు రావాలో పరిశోధకులు నిర్ణయించలేదు. ఆ తేడా గుర్తుంచుకుని చదవాలి.

ముప్పై ఏళ్ళు దాటాక కొత్త భాష వస్తుందా?

వస్తుంది. 2018లో హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ ఆన్‌లైన్ క్విజ్ ద్వారా సుమారు 6 లక్షల 70 వేల మంది జవాబులు సేకరించి, వ్యాకరణం నేర్చుకునే వేగం పదిహేడు, పద్దెనిమిదేళ్ళ దాకా బాగుండి తర్వాత తగ్గుతుందన్నారు. తగ్గుతుందన్నారు గానీ ఆగిపోతుందనలేదు. మాటలు ఏ వయసులోనైనా చేరుతూనే ఉంటాయి.

గుర్తుండే పద్ధతి కావాలా? కార్పికె, రోడిగర్ 2008లో విద్యార్థులకు 40 స్వాహిలి మాటలు నేర్పించారు. ఒకసారి వచ్చిన మాటను కూడా తమను తాము మళ్ళీ మళ్ళీ పరీక్షించుకున్నవాళ్ళకు వారం తర్వాత దాదాపు 80 శాతం గుర్తున్నాయి. పరీక్షించుకోవడం మానేసి ఊరికే చదువుతూ పోయినవాళ్ళకు మూడో వంతుకు కాస్త ఎక్కువ. నోట్సు తిరగేయడం మానండి, మూసి అడుక్కోండి.

ప్రయోగానికి ఎంతమంది కావాలి? ముప్పై మందైతే చాలంటారు కదా?

ఎవరు చెప్పారో గానీ, ఆ ముప్పై అంకె మన కాలేజీల్లో వేదవాక్కైపోయింది. తేడా పెద్దదైతే ముప్పై చాలు, చిన్నదైతే మూడొందలూ చాలవు. ముందే లెక్క వేసుకోవాలి. ఇంకోటి చాలామంది మర్చిపోతారు. మనుషులు ఎంతమందైనా వాక్యాలు నాలుగే ఉంటే, మీకు తెలిసేది ఆ నాలుగు వాక్యాల సంగతే. హెర్బర్ట్ క్లార్క్ 1973లోనే దీని మీద మొత్తుకున్నాడు.

పేరున్న ఫలితాలైనా మళ్ళీ చేసి చూడాల్సిందే. మనస్తత్వశాస్త్రంలో 100 ప్రయోగాలను మళ్ళీ చేస్తే 36 శాతంలోనే స్పష్టమైన ఫలితం తిరిగి వచ్చిందని 2015లో బయటపడింది. మన రంగంలో కూడా, రాబోయే మాటను దాని ముందరి చిన్న మాట (ఇంగ్లిష్‌లో a, an) దగ్గరే మెదడు ఊహిస్తుందన్న 2005 నాటి ఈఈజీ ఫలితాన్ని తొమ్మిది ల్యాబులు కలిసి 334 మందితో తిరిగి చేశాయి. ఆ ఫలితం మొదట చెప్పినట్టు రాలేదని 2018లో ప్రచురించాయి. కాబట్టి "ఇంతకుముందు చేసేశారు కదా" అని ఏ విద్యార్థీ నిరాశపడక్కర్లేదు. తెలుగులో మళ్ళీ చేయడమే ఒక పని.

ఖర్చెంతవుతుంది?

ల్యాప్‌టాప్ ఉంటే మొదలుపెట్టవచ్చు. ప్రయోగాలు నడిపే సైకోపై, ఓపెన్‌సెసమీ, శబ్దాల కోసం ప్రాట్, ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితం. చూపును పట్టే ఐ ట్రాకర్, ఈఈజీ మాత్రం ఖరీదైనవి. ఒక జాగ్రత్త: మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, అంటే 16.7 మిల్లీసెకన్లకోసారి. "బొమ్మను 40 మిల్లీసెకన్లు చూపించాం" అని రాస్తే ఆ తెర మీద అది కుదరదు, 40 అన్నది 16.7కు గుణిజం కాదు.

అనుమతులు? మా బిడ్డ వివరాలు ఏమవుతాయి?

ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుండా మొదలుపెట్టకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఏడేళ్ళు దాటితే పిల్లవాడి ఒప్పుదల కూడా కావాలి. హెడ్మాస్టర్ సంతకం దీనికి బదులు కాదు. ఇష్టం లేకపోతే మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. పేరు బదులు నంబరు పెడతాం. "మా వాడికి ఎన్ని మార్కులొచ్చాయి?" అని మాత్రం అడగొద్దు. ఒక్క బిడ్డ ఫలితం చూసి చెప్పగలిగేది ఏమీ ఉండదు.

మా బాబుకు రెండున్నరేళ్ళు, ఇంకా మాటలు రాలేదు. మీ దగ్గర పరీక్ష చేయిస్తే తెలుస్తుందా?

తెలియదు. మా ప్రయోగం వైద్యపరీక్ష కాదు. "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఆగకుండా ముందు వినికిడి పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని పరీక్షించే జిల్లా స్థాయి కేంద్రాలుంటాయి. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, మన వైపు నుంచి చాలామంది వెళ్తుంటారు.

ఇది ఎక్కడ చదువుకోవచ్చు?

ఒక్క శాఖ కిందే దొరికే చదువు కాదు. భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, కొంచెం స్టాటిస్టిక్స్ కలిపి చదవాలి. తిరుపతిలో 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. మూడు రాష్ట్రాల హద్దులు కలిసే కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ప్రయోగాల వైపే పూర్తిగా వెళ్ళాలంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం చూడండి.

ఇంట్లో చేసి చూడగలిగేది ఏదైనా ఉందా?

ఉంది. స్కెచ్ పెన్నులు తీసుకుని "ఎరుపు" అన్న మాటను ఆకుపచ్చతో, "నీలం" అన్నదాన్ని పసుపుతో, ఇలా ఇరవై మాటలు రాయండి. పక్క కాగితం మీద అవే రంగుల్లో ఇరవై గళ్ళు నింపండి. మాట చదవకుండా రంగు మాత్రమే చెప్పమని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ 100 రంగులతో చేసినప్పుడు, గళ్ళకు సుమారు 63 సెకన్లు, మాటలకు 110 సెకన్లు పట్టాయి. చదవడం మన చేతిలో లేదు, వద్దనుకున్నా చదివేస్తాం. అందుకే ఆ ఆలస్యం. ఇంట్లో ఇంకా చదవడం రాని చిన్నవాడితో కూడా చేయించండి, వాడికి రెండు కాగితాలూ ఒకటే. తమిళం చదవగలిగిన బంధువులుంటే తమిళంలో కూడా ఒక కాగితం రాయించి, ఏ లిపి దగ్గర ఎక్కువ తడబడతారో చూడండి.

పాల్గొనడానికి రావాలంటే ఏం జాగ్రత్తలు?

కళ్ళజోడు వాడితే మర్చిపోకండి. ఐ ట్రాకర్ ప్రయోగమైతే కాటుక, మస్కారా దట్టంగా పెట్టుకోవద్దు, యంత్రం కంటిపాపను సరిగ్గా పట్టుకోలేదు. పసిబిడ్డను తెస్తే పాలు తాగి నిద్ర లేచాక తీసుకురండి. ఏడిస్తే ఆపేసి ఇంకో రోజు చూసుకుందాం. ఈఈజీకైతే తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రావాలి. కొండకు వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్ళయితే మాకు ఇంకా సుఖం. టోపీ చక్కగా కూర్చుంటుంది, జెల్ కడుక్కోవడానికి రెండు నిమిషాలు చాలు.